లిక్సాండ్రా చేతి దానం

గ్రిందెని ఊళ్లో ఎవరు పోయినా మొదటి కబురు ఫాదరుకు, రెండో కబురు లిక్సాండ్రాకు వెళ్లేది. పోయినవాళ్ల పేరున పంచే కొలివా వండడంలో దన్యూబు ఒడ్డున నాలుగూళ్లు వెతికినా ఆవిడకు సాటి వచ్చేవాళ్లు లేరు. గోధుమలను తొమ్మిది నీళ్లు కడిగి, మెత్తగా ఉడికించి, అక్రోటు పలుకులూ చక్కెరా కలిపి, పళ్లెంలో కుప్పగా పోసి, పైన చక్కెర పొడితో శిలువ దిద్దితే, అంతసేపూ ఏడుస్తున్నవాళ్లు కూడా కళ్లు తుడుచుకుని రెండోసారి చెయ్యి చాపేవాళ్లు. అలాంటిది, రెండువేల పదిహేనులో ఆవిడ ఒంట్లో హెపటైటిస్ సి ఉందని తేలిన పదిహేను రోజులకల్లా ఊరు మొత్తం ఆవిడ చేతి తిండి మానేసింది.

ఎవరూ ముఖం మీద ఏమీ అనలేదు. అనివుంటే బాగుండేది, ఆవిడా నాలుగు అనేది. చర్చి వెనక వీధిలో ముసలి గ్లిగోర్ పోతే కొలివాను క్రయోవా నగరానికి వెళ్లి బజారులో కొనుక్కొచ్చారు. ప్లాస్టిక్ డబ్బాల్లో వచ్చిన ఆ గోధుమలు గులకరాళ్లలా ఉన్నాయని తిన్నవాళ్లే చెప్పుకున్నారు, అయినా తిన్నారు. పక్కింటి తిత్సా ముప్పయ్యేళ్లుగా పొద్దున్నే కంచె మీదుగా కాఫీ అందించేది. అదీ ఆగిపోయింది. ముందు చక్కెర అయిపోయిందంది, తర్వాత తనకు బీపీ అంది, ఆ తర్వాత ఆ వేళకు పెరట్లోకి రావడమే మానేసింది. చర్చిలో ప్రసాదం అందరికీ ఒకే చెంచాతో నోట్లో పెడతారు. లిక్సాండ్రా వరసలో నిలబడితే వెనకవాళ్లు ముందుకు కదలకపోవడం రెండు ఆదివారాలు చూసి, మూడో ఆదివారం తనంతట తానే చివరికి వెళ్లి నిలబడింది. ఈ రోగం ఎంగిలి వల్ల అంటదని, నెత్తురు నుంచి నెత్తురుకే పాకుతుందని డాక్టరు చెప్పిన సంగతి ఆవిడ ఎవరికీ చెప్పలేదు. అడిగినవాళ్లుంటే కదా చెప్పడానికి.

ఆవిడకు అప్పటికి అరవై మూడేళ్లు. మొగుడు ఇలియె పోయి పదకొండేళ్లు. పిల్లలు లేరు. ఊరి దవాఖానాలో ఇరవై ఏడేళ్లు ఆయాగా పనిచేసింది. నేల తుడవడం, పొయ్యి రాజెయ్యడం, గాజు సిరంజీలను రేకు డబ్బాలో వేసి స్పిరిటు దీపం మీద మరిగించడం ఆవిడ పని. సూదులు కడుగుతుంటే వేళ్లలో ఎన్నిసార్లు గుచ్చుకున్నాయో లెక్కలేదు. రోగం అక్కడే అంటి ఉంటుందని డాక్టరు అంది. ఆ మాట ఊళ్లోకీ పాకి, భయానికి తోడు ఇంకో గొణుగుడు బయల్దేరింది: ఆ సిరంజీలు మరిగించింది ఈవిడే కదా, ఇంకెంతమందికి అంటించి పెట్టిందో అని. అది లిక్సాండ్రా చెవిన పడింది. ఇంట్లోకి వెళ్లి తలుపేసుకుంది.

చావంటే ఆవిడకు భయం లేదు. చచ్చాక ఆకలితో ఉండాల్సి వస్తుందనే భయం. ఇక్కడ నీ పేరున ఎవరికి ఏం పెడితే అక్కడ నీకు అదే అందుతుందని ఆ ఒడ్డున పసిపిల్లలకు కూడా తెలుసు. పిల్లలున్నవాళ్లకు పిల్లలు పెడతారు. లేనివాళ్లు బతికుండగానే బల్ల వేసి, ఊరిని పిలిచి, తమ కర్మ తామే జరిపించుకుంటారు. దాన్నే పొమానా అంటారు. పెట్టేది చేతి నుంచి చేతికే అందాలి, మధ్యలో ఎక్కడా పెట్టకూడదు. పుచ్చుకున్నవాళ్లు ‘దేవుడు అందుకోవాలి’ అనాలి. ఆ మాట నోట్లోంచి వస్తేనే పెట్టింది పెట్టినట్టు. ఇలియె పోయినప్పటి నుంచీ లిక్సాండ్రా దీనికోసమే పందుల్ని పెంచి అమ్మింది, అక్రోట్లు ఏరి అమ్మింది, పంచడానికి తువ్వాళ్లూ గిన్నెలూ కొని అల్మారాలో దాచింది. అన్నీ సిద్ధంగా ఉన్నాయి, అందుకునే చేతులే లేకుండా పోయాయి. నలుగురూ బతకడానికి మందు వెతుక్కుంటారు. లిక్సాండ్రా తన కర్మ భోజనం నలుగురూ ముట్టుకోవడానికి మందు వెతుక్కోవాల్సి వచ్చింది.

క్రయోవా ఆసుపత్రిలో డాక్టరమ్మ చిన్న వయసుది, మంచిది, ఎప్పుడు చూసినా అలిసిపోయి ఉండేది. ఈ రోగాన్ని పూర్తిగా నయం చేసే మాత్రలు వచ్చాయని, పన్నెండు వారాలు మింగితే చాలని ముందు మంచి కబురు చెప్పింది. కాలేయం పూర్తిగా పాడైపోయినవాళ్లకే బీమా కింద అవి దొరుకుతున్నాయని తర్వాత చెప్పింది. లిక్సాండ్రా కాలేయం ఇంకా సగమే చెడింది.

“అయితే మిగతా సగం కూడా చెడాక రమ్మంటారా?” అని అడిగింది లిక్సాండ్రా.

“నేననడం లేదమ్మా. రూలు అలా ఉంది,” అంది డాక్టరమ్మ తలదించుకుని.

సొంతంగా కొనుక్కుంటే ఆ మాత్రల ఖరీదుకు గ్రిందెనిలో రెండిళ్లు వస్తాయి. లిక్సాండ్రా బయటికి వచ్చి బెంచీ మీద కూలబడింది. పక్కన ఒక ముసలాయన కూర్చుని ఉన్నాడు. పేరు వెర్జిల్, పక్క పట్నంలో పడవల ఇంజన్లు బాగుచేసి రిటైరైన మనిషి. డెబ్బై దాటినా ఇంకా ఇంజను పక్కన నిలబడి మాట్లాడుతున్నట్టే మాట్లాడతాడు.

“లోపల ఏమన్నారక్కా? నీకింకా సరిగ్గా జబ్బు చెయ్యలేదన్నారా?” అన్నాడు.

తననూ అంతకుముందు అలాగే తిప్పి పంపారట. అదే మందును ఇండియాలో వేరే పేరుతో, ఎన్నో వంతుల తక్కువ ధరకు తయారుచేస్తారని, డాక్టరు చీటీ పంపితే అక్కడి షాపువాళ్లు పోస్టులో పంపుతారని, తను తెప్పించుకుని మింగానని చెప్పాడు. జేబులోంచి మడతల దగ్గర చిరిగిన కాగితం తీసి చూపించాడు. నెత్తురులో వైరస్ లేదని అందులో రాసి ఉంది. లిక్సాండ్రాకు నమ్మకం కుదరలేదు. ముక్కూ మొహం తెలియని మనకోసం ఇండియావాళ్లు మందు ఎందుకు చేస్తారని అడిగింది.

“మనకోసం చెయ్యట్లేదులే. వాళ్లకీ కాలేయాలుంటాయి కదక్కా,” అన్నాడు వెర్జిల్.

ఆ మాట ఆవిడకు నచ్చింది. పొమానా కోసం దాచినదాంట్లో సగం కన్నా తక్కువతో పని అవుతుందని తెలిశాక ఇంకా నచ్చింది. డాక్టరమ్మ మారు మాట్లాడకుండా చీటీ రాసిచ్చింది. కంప్యూటరు సంగతులన్నీ వెర్జిల్ చూసుకున్నాడు. తర్వాత ఐదారు వారాలు లిక్సాండ్రా కిటికీ దగ్గర కూర్చుని పోస్టుమాన్ సైకిలు కోసం ఎదురుచూసింది. సైకిలు ఆవిడ గుమ్మం దాటి పోతుంటే, పోనీ రేపు వస్తుందిలే అని పైకే అనుకునేది. ఇంట్లో ఆ మాటైనా వినబడాలి కదా.

పార్సిలుకు బదులు నోటీసు వచ్చింది. నగరంలో కస్టమ్స్ ఆఫీసుకు రావాలని రాసి ఉంది. అక్కడ కిటికీ వెనక కూర్చున్న ఉద్యోగిని డబ్బాలను అటూ ఇటూ తిప్పి చూసి, మన దేశంలో దొరకని మందా ఇది, ఇండియా నుంచి తెప్పించుకున్నావు అని అడిగింది.

“దొరుకుతుందమ్మా. ఇంకొంచెం చావుకు దగ్గరపడ్డాక ఇస్తారట,” అంది లిక్సాండ్రా.

ఆ మనిషి నవ్వలేదు. మూడు గంటలు కూర్చోబెట్టి, ఎవరెవరికో ఫోన్లు చేసి, చివరికి చీటీ మీద ముద్ర కొట్టి డబ్బాలు ఇచ్చింది. బస్సులో లిక్సాండ్రా వాటిని ఒళ్లో పెట్టుకుని, మీది అక్షరాలు కూడబలుక్కుని చదివింది. హైదరాబాద్ అని ఉంది. అది ఎక్కడుందో ఆవిడకు తెలియదు. అక్కడ తనలాంటి ఆడమనిషెవరో ఈ మూత బిగించి ఉంటుందని, ఆవిడ చేతిది తన చేతికి వచ్చిందని మాత్రం అనిపించింది. డబ్బిచ్చి కొన్నదానికి ఎవరూ ఆ మాట అనరు. అయినా ‘దేవుడు అందుకోవాలి’ అని గొణుక్కుంది. పక్క సీటులో మనిషి వింతగా చూసి కిటికీ వైపు జరిగాడు.

ఫిబ్రవరిలో మొదలుపెట్టింది. పొద్దున్నే రొట్టె ముక్క తిని రెండు మాత్రలు. కాస్త తలనొప్పి తప్ప ఒంట్లో పెద్ద తేడా ఏమీ తెలియలేదు. మాట్లాడే మనిషి లేని ఇంట్లో ఆ మాత్రలే తోడయ్యాయి. నిద్ర లేవగానే వాటి దగ్గరికి వెళ్లేది, మింగాక క్యాలెండరులో గీత గీసేది, ఆ తర్వాత సాయంత్రం దాకా చెయ్యడానికి ఏమీ ఉండేది కాదు.

మార్చిలో ఈస్టరు ఉపవాసాలు వచ్చాయి. ఆ ఏడు వారాలూ శుక్రవారం తెల్లవారింది మొదలు శనివారం తెల్లవారేదాకా మంచినీళ్లు కూడా ముట్టకపోవడం లిక్సాండ్రాకు పన్నెండో ఏట నుంచీ అలవాటు. మొదటి శుక్రవారం మాత్రలు మింగలేదు. రెండో శుక్రవారమూ మింగలేదు. ఒక్క రోజు కూడా తప్పకూడదని డాక్టరమ్మ చెప్పిన సంగతి గుర్తులేక కాదు. శుక్రవారాలు ఆ లెక్కలోకి రావనుకుంది. నిష్ఠ చెడకుండా వైద్యం చేయించుకుంటున్నానని వెర్జిల్‌కు ఫోనులో కొంచెం గొప్పగానే చెప్పింది.

“అక్కా, నువ్వు ఉపవాసం ఉంటే నీ ఒంట్లో ఉన్న పురుగు కూడా ఉంటుందనుకున్నావా?” అన్నాడు వెర్జిల్.

తర్వాత అతను పెట్టిన చీవాట్లు గోడ అవతల తిత్సాకు కూడా వినబడే ఉంటాయి. మందు మధ్యలో ఆపితే పురుగు మొండికెత్తుతుందని, డబ్బూ పోయి రోగమూ మిగులుతుందని అరిచాడు. లిక్సాండ్రా ఫోను పెట్టేసి నేరుగా ఫాదరు దగ్గరికి వెళ్లింది. మందు తిండి కిందికి రాదని, దాంతోపాటు తినే రొట్టె ముక్క పాపం తానే మెడకు చుట్టుకుంటానని ఆయన చెప్పాడు. ఆ తర్వాత ఏ శుక్రవారమూ తప్పలేదు. కానీ ఆ రెండు శుక్రవారాలు ఆవిడను వదల్లేదు. మందు మేలో అయిపోయింది. నయమైందీ లేనిదీ తేలాలంటే ఆగస్టు దాకా ఆగాలి. ఆ ఎండాకాలమంతా టమాటాలకు నీళ్లు పోస్తున్నా, కోళ్లకు గింజలు వేస్తున్నా ఆ రెండు రోజులే గుర్తొచ్చేవి. దేవుడి కోసం చేసిన పనే దేవుడి ముందు తనను ఆకలితో నిలబెడుతుందేమోనని భయపడేది. ఆ భయం చెప్పుకోవడానికి కూడా మనిషి లేదు. వెర్జిల్‌కు చెబితే మళ్లీ తిడతాడు.

ఆగస్టులో కాగితం వచ్చింది. వైరస్ కనబడలేదు. డాక్టరమ్మ లేచి వచ్చి ఆవిడను కౌగిలించుకుంది. ఏడాదికి పైగా తనను ఎవరూ ముట్టుకోలేదని లిక్సాండ్రాకు అప్పుడు తెలిసొచ్చింది. ఏడవకూడదని చాలా ప్రయత్నించింది గానీ కుదరలేదు. ఇంటికి వచ్చి ఆ కాగితాన్ని ఇలియె ఫోటో ముందు పెట్టి పైకి చదివి వినిపించింది. బతికున్నప్పుడూ ఆయన ఏ మాటా సరిగ్గా వినిపించుకునేవాడు కాదు.

నవంబరు మొదటి శనివారం చనిపోయినవాళ్ల రోజు. ఆ రోజే పొమానా పెట్టుకుంటానని ఫాదరుతో చెప్పి, కాగితం చేత పట్టుకుని ఇంటింటికీ వెళ్లి పిలిచింది. చూద్దాంలే అన్నారు కొందరు. వస్తామన్నారు కొందరు. చదివి సంతోషించినవాళ్లు కూడా ఆ కాగితాన్ని రెండు వేళ్లతోనే పట్టుకున్నారు. ఐదుగురు వచ్చినా చాలనుకుంది లిక్సాండ్రా. తిత్సా ఇంటి తలుపు మాత్రం ఎంత కొట్టినా తెరుచుకోలేదు.

గురువారం మధ్యాహ్నం గోధుమలు కడుగుతోంది. నాలుగో నీళ్లు పోసి చేత్తో కలుపుతుండగా వెనక గుమ్మంలోంచి తిత్సా లోపలికి వచ్చింది. కూర్చోమంటే కూర్చోలేదు. పిత్తాశయంలో రాళ్లకు ఆపరేషను చెయ్యబోతూ నెత్తురు పరీక్ష చేశారని చెప్పి, మడిచిన కాగితాలు రెండు బల్ల మీద పెట్టింది. ఒకటి పరీక్ష కాగితం, ఒకటి మందు చీటీ. లిక్సాండ్రాకు చదవక్కర్లేకపోయింది. ఆ రోగం పేరును ఆవిడ గది అవతలి నుంచే గుర్తుపట్టగలదు. పాడు మనసు, ఒక్క క్షణం సంతోషపడింది. ఇక ఊళ్లో తానొక్కతే కాదు. వెంటనే ఆ సంతోషానికి సిగ్గుపడింది.

“వదినా, ఒకటడుగుతాను, నిజం చెప్పు,” అంది తిత్సా. “ఎనభై ఐదు చలికాలంలో నాకు గొంతు వాచిపోతే దవాఖానాలో పెన్సిలిన్ పొడిచారు, పది సూదులు. అవి సరిగ్గా మరిగించావా?”

అబద్ధం చేతికందే దూరంలో ఉంది. అబద్ధం కూడా అక్కర్లేదు. ఆ రోజుల్లో దేశమంతా అవే సూదులని, ఎవరికి ఎక్కడ అంటిందో చెప్పలేమని డాక్టరమ్మే అంది. ఆ మాట చెప్పి ఊరుకుంటే చాలు. శనివారం తిత్సా వచ్చి బల్ల దగ్గర కూర్చునేది, తిత్సా కూర్చుంటే ఆ వీధి మొత్తం కూర్చునేది.

“లేదు,” అంది లిక్సాండ్రా.

తడి చేతులు ఒళ్లో పెట్టుకుని మొత్తం చెప్పింది. ఆ చలికాలం కరెంటు రోజుకు రెండు గంటలుంటే గొప్ప. దవాఖానాకు నెలకు ఒక్క సీసా స్పిరిటు ఇచ్చేవాళ్లు. ఫిబ్రవరిలో ఇలియెకు నిమోనియా వచ్చింది. జ్వరానికి ఒళ్లంతా స్పిరిటు రుద్దడం ఆ ఊళ్లో ప్రతి ఇంట్లోనూ చేసే వైద్యమే. దుకాణంలో స్పిరిటు దొరకలేదు. ఆవిడ దవాఖానా సీసాను శాలువా చాటున ఇంటికి తెచ్చి, మూడు రోజులు మొగుడి ఛాతీకీ వీపుకీ రుద్దింది. ఇలియె లేచాడు. లేచి ఇంకో పందొమ్మిదేళ్లు ఇల్లు ఎగిరిపోయేలా అరుస్తూ బతికాడు. దవాఖానాలో దీపం ఆరిపోయింది, పొయ్యిలోకి కట్టెలూ అప్పటికే అయిపోయాయి. కొత్త సీసా వచ్చేదాకా, తిత్సాకు పొడిచినవాటితో సహా, సిరంజీలను ఇంటి నుంచి కెటిలులో తీసుకెళ్లిన వేడినీళ్లలో ముంచి తీసి ఇచ్చింది. అవి ఇరవై నిమిషాలు మరగాల్సినవి. నర్సు అడిగితే మరిగించానంది. ఈ సంగతి ఇలియెకు చెప్పలేదు, చర్చిలో పాపాలు ఒప్పుకునేటప్పుడూ చెప్పలేదు. ముప్పై ఒక్క ఏళ్లు ఎవరికీ చెప్పలేదు.

“నీకు అక్కడే అంటిందో లేదో ఎవరూ చెప్పలేరు తిత్సా. కానీ నువ్వడిగింది మరిగించావా అని. మరిగించలేదు.”

తిత్సా గిన్నెలో గోధుమల వైపు చూస్తూ నిలబడింది.

“కాఫీ మానేసినందుకు రోజూ సిగ్గుపడ్డాను, ఏడాదిన్నర,” అంది. “ఇక పడను.”

కాగితాలు బల్ల మీదే వదిలేసి వెళ్లిపోయింది.

లిక్సాండ్రా ఐదో నీళ్లు పొయ్యలేదు. తడిసిన గోధుమలు కోళ్లకు వేసింది. ఫాదరు దగ్గరికి వెళ్లి ముప్పై ఒక్క ఏళ్ల పాపం ఒప్పుకుని, శనివారం పొమానా లేదని చెప్పింది. పాపం క్షమించడానికి ఆయన ఉన్నాడు గానీ, తిత్సా నెత్తురులో చేరినదానికి ఆయనేం చేస్తాడు? పిలిచి మానుకుందని, డబ్బు ఖర్చవుతుందని వెనక్కి తగ్గిందని ఊరు ఆడిపోసుకుంది. రాననుకున్నవాళ్లే ఎక్కువ మాట్లాడారు.

సోమవారం పొద్దున ఆవిడ తిత్సా కాగితాలూ, పొమానా డబ్బులో మిగిలినదీ పట్టుకుని బస్సెక్కి వెర్జిల్ ఇంటికి వెళ్లింది. తిత్సాది సర్కారు పొలంలో పనిచేసినందుకు వచ్చే పింఛను. దాంతో ఆసుపత్రికి బస్సు చార్జీలే కష్టం. ఈవిడ నీకేమవుతుందని వెర్జిల్ అడిగాడు. పక్కిల్లు అంది లిక్సాండ్రా. అంత డబ్బు పక్కింటివాళ్లకు ఎందుకు పెడుతున్నావని అతను అడగబోయి, ఆవిడ ముఖం చూసి కంప్యూటరు ముందు కూర్చున్నాడు.

మాత్రలు జనవరిలో వచ్చాయి. మోకాలి లోతు మంచులో వెర్జిల్ స్వయంగా తెచ్చిచ్చి, టీ తాగి వెళ్లాడు. లిక్సాండ్రా డబ్బాలను గుడ్డ సంచీలో పెట్టి తిత్సా తలుపు తట్టింది. లోపల అడుగుల చప్పుడు ఆగిపోయింది గానీ తలుపు తెరుచుకోలేదు. నవంబరు నుంచీ ఇద్దరి మధ్యా ఒక్క మాట లేదు. సంచీని కంచె గుంజకు తగిలించి వచ్చేసింది. మర్నాడు చూస్తే అక్కడే ఉంది, మీద వేలెడు మంచు పేరుకుని. ఆ మర్నాడూ ఉంది. మూడో రోజు మందు పాడైపోతుందేమోనని విప్పి తెచ్చేసుకుందామని వెళ్లేసరికి తిత్సా పెరట్లో నిలబడి ఉంది.

“అలా తగిలించి పోతావేం, కుక్కకి పడేసినట్టు?” అంది. “ఇచ్చేదేదో చేతికియ్యి.”

లిక్సాండ్రా సంచీ మీది మంచు దులిపి కంచె మీదుగా అందించింది. తిత్సా పుచ్చుకుంది. అనాల్సిన మాట అనలేదు. ఎలా వేసుకోవాలో అడిగి, శుక్రవారాలు కూడా మానకూడదని విని, తలూపి లోపలికి వెళ్లిపోయింది.

మర్నాడు ఎనిమిదింటికి తిత్సా పెరటి గుమ్మం తెరుచుకుంది. కంచె దాకా వచ్చి, రెండు మాత్రలు అరచేతిలో పెట్టి చూపించి, నోట్లో వేసుకుని నీళ్లు తాగింది.

“మింగానని నీకు తెలియాలి. నీ సొమ్ము తగలేసిందని రేపెవరూ నన్ను అనకూడదు,” అంది.

అంతే. ఆ తర్వాత మాట లేదు. రోజూ ఎనిమిదింటికి రావడం, చూపించడం, మింగడం, వెళ్లిపోవడం. లిక్సాండ్రా తన వైపు కంచె దగ్గర నిలబడి చూసేది. జనవరిలో మంచు పడుతున్నా నిలబడింది. ఫిబ్రవరిలో జలుబుతో ముక్కు కారుతున్నా నిలబడింది. బాగున్నావా అని అడగాలని చాలాసార్లు నోటిదాకా వచ్చేది. తిత్సా చూపు ఎక్కడో కోళ్లగూడు మీద ఉండేది, ఆ మాట అక్కడే ఆగిపోయేది. ఒకరోజు తొమ్మిదైనా తిత్సా రాలేదు. ఎవరినైనా పిలుద్దామంటే తను పిలిస్తే వచ్చేవాళ్లెవరు? పదింటికి తిత్సా కడుపు నొప్పితో వంగిపోయి వచ్చి, మాత్రలు చూపించి మింగి వెళ్లింది. ఉపవాసాలు మొదలయ్యాక శుక్రవారం నాడు రొట్టె ముక్క కూడా పట్టుకొచ్చి, ముందు అది తిని తర్వాత మింగింది. కోపం ఎంతున్నా మాట తప్పే మనిషి కాదు. ఆ చలికాలమంతా లిక్సాండ్రా ముఖాన్ని రోజూ చూసిన మనిషి తిత్సా ఒక్కతే, అదీ చూడకుండా చూసింది.

ఏప్రిల్ వచ్చింది. తిత్సా పెరట్లో ఆప్రికాట్ చెట్లు పూతకొచ్చాయి. ఎనభై నాలుగో రోజు ఎనిమిదింటికి తిత్సా ఎప్పటిలాగే వచ్చింది. చివరి రెండు మాత్రలు మింగి, ఖాళీ డబ్బాలు రెండూ తలకిందులు చేసి చూపించింది. నయమైందో లేదో తెలియడానికి ఆవిడా ఇంకో మూడు నెలలు ఆగాలి. లోపలికి వెళ్లబోయి గుమ్మం దగ్గర ఆగింది.

“దేవుడు అందుకున్నాడో లేదో నాకు తెలీదు,” అంది, వెనక్కి తిరగకుండానే. “నేను మాత్రం అందుకున్నాను.”

తలుపు వేసుకుంది. లిక్సాండ్రా రెండు చేతులతో కంచె పట్టుకుని చాలాసేపు అక్కడే నిలబడిపోయింది. ఆవిడ పొమానాకు వచ్చింది ఆ ఒక్క మనిషే.